ఆగస్టు 9న మన విస్తట్లో ఏం పెడతారు?

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

ఆగస్టు 9 దగ్గర పడుతోంది. మళ్లీ ఫ్లెక్సీలు, ర్యాలీ, స్టేజీ మీద థింసా. ఇవి వద్దని నేను అనను. 1982లో ఐక్యరాజ్యసమితి ఆదివాసుల గురించి వేసిన వర్కింగ్ గ్రూపు జెనీవాలో మొదటిసారి కూర్చున్న రోజు అది. 1994లో దాన్ని ప్రపంచ ఆదివాసీ దినోత్సవంగా ప్రకటించారు. అంటే పుట్టుకతోనే అది మనం కూర్చుని మాట్లాడుకోవాల్సిన రోజు. మన దగ్గర మాత్రం వచ్చిన పెద్దవాళ్ల ముందు ఆడి చూపించే రోజు అయిపోయింది.

ఒక కార్యక్రమానికి మా హాస్టల్ నుంచి వెళ్లాం. ఎవరు పెట్టారో చెప్పను, అలాంటివి మీరూ చూసే ఉంటారు. స్టేజీ వెనక పెద్ద బ్యానర్: చిరుధాన్యాలు, ప్రకృతి, వారసత్వం. మధ్యాహ్నం భోజనం థర్మాకోల్ ప్లేట్లో ఫ్రైడ్ రైసు, పక్కన వాటర్ ప్యాకెట్. పొద్దున్నుంచి ఎండలో థింసా ఆడిన ముసలమ్మలు లైన్లో ఆఖరున నిలబడ్డారు. స్టాల్లో చోళ్లు, సామలు గాజు సీసాల్లో పెట్టారు, ముట్టుకోవద్దని చీటీ. అవి పండించే చేతులు ఆ ముసలమ్మలవే. వాళ్లని ఒక్కరినైనా మైకు దగ్గరికి పిలిచి "అమ్మా, సామలు ఎలా దంచుతావు, విత్తనం ఎలా దాస్తావు" అని అడిగినవాళ్లు లేరు.

2023ని ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరం అంది. ఆ ఏడు మార్చి నుంచి మన రాష్ట్రంలో బడి పిల్లలకు రాగిజావ ఇచ్చారు. మంచిదే. మనం చోడి అంబలి అంటే చిన్నచూపు చూసినవాళ్లే రాగిజావ అంటే ఆరోగ్యం అంటారు, అది వేరే సంగతి. చోడవరంలో గుక్కెడు చోడి అంబలి కావాలంటే ఎక్కడ దొరుకుతుందో నాకు ఇప్పటికీ తెలీదు. టౌను షాపులో సామబియ్యం రంగు ప్యాకెట్లో ఉంటుంది. మాడుగుల దాటి ఘాట్ ఎక్కితే అదే సరుకుని మా అమ్మ సంతలో కుంచంతో కొలిచి, షావుకారు చెప్పిన రేటుకి ఇచ్చి వస్తుంది.

అలాగని పాత తిండంతా అమృతం అనేవాళ్లతో కూడా నాకు పేచీ ఉంది. స్టేజీ మీద ఒక సారు "మీ పూర్వీకులు ప్రకృతి ఆహారం తిని వందేళ్లు బతికారు" అన్నారు. మా అమ్మ చిన్నప్పుడు వానాకాలంలో ఇంట్లో గింజ లేక మామిడి టెంకల పిండితో అంబలి కాచుకున్నారు. ఆ టెంక అంబలికి మన ఏజెన్సీలో వాంతులు, విరేచనాలతో పోయినవాళ్లు ఉన్నారు. రేషను బియ్యం వచ్చాక ఆ కరువు నెలలు తగ్గాయి. అందుకే బియ్యాన్ని తిట్టి చిరుధాన్యాన్ని పొగిడే ఉపన్యాసం నాకు ఎక్కదు. నేను అడిగేది, బియ్యం వచ్చింది కదా అని విత్తనం ఎందుకు పోవాలి అని. మా ఊళ్లో మూడు రకాల కొర్రలు ఉండేవని మా అమ్మమ్మ అంటుంది. ఇప్పుడు ఒకటే ఉంది, అది కూడా రెండు ఇళ్లలో.

విత్తనం కాపాడే పద్ధతి మనకి లేక కాదు. చైత్రంలో ఇటుకల పండుగకి మా ఊళ్లో ఇంటింటి విత్తనాలు తెచ్చి పూజ చేశాకే చేలో చల్లుతారు. రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి బండ్లు ఆపి డబ్బులు అడగడమే ఇటుకల పండుగని టౌనువాళ్లు అనుకుంటారు, మన కుర్రాళ్లు కూడా కొందరు. మామిడికొత్త చెయ్యకుండా మామిడికాయ ముట్టనివ్వరు. చిన్నప్పుడు మనకి కోపం వచ్చేది గానీ, కాయ ముదిరాక కోస్తే కదా టెంక మొలిచేది. ఇప్పుడు సస్టెయినబిలిటీ అని కాలేజీలో పాఠం చెప్తున్నారే, అది మన ఊళ్లో పూజారి చేతిలో ఉండేది.

బయట చేసి చూపించినవాళ్లు కూడా ఉన్నారు. తెలంగాణలో జహీరాబాద్ దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆడవాళ్లు సంక్రాంతి నుంచి దాదాపు నెల రోజులు ఎడ్లబండ్ల మీద పాత విత్తనాలు పెట్టుకుని ఊరూరూ తిరుగుతారు. పాత పంటల జాతర అంటారు. చాలామంది చదువుకోని దళిత అక్కలు. 2019లో ఆ సంస్థకి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజు వచ్చింది. అక్కడ మాట్లాడేది పండించినవాళ్లే.

ఇంకో మాట. మా రూమ్మేటుది రోలుగుంట వైపు కొండ కింద ఊరు. వాళ్లూ ఆదివాసులే, కానీ ఊరు షెడ్యూల్డ్ ఏరియాలో లేదు, 1/70 చట్టం వర్తించదు. వాళ్ల చేను పక్కన భూములు ఒక్కొక్కటే చేతులు మారుతున్నాయి. చేను లేనోడికి విత్తనం ఇచ్చి ఏం చేసుకోమంటాం? తిండి గురించి మాట్లాడే స్టేజీ మీద భూమి మాట రాకపోతే ఆ స్టేజీ నాకు వద్దు. ఐదో షెడ్యూల్లో ఆ ఊళ్లని కలపాలని అడుగుతున్నవాళ్లని ఈసారి ముందు మాట్లాడనివ్వాలి.

అందుకే ఈ ఆగస్టు 9కి చోడవరంలో ఉన్న మన హాస్టళ్లవాళ్లం వేరేగా చేద్దాం. ఫ్లెక్సీకి చందా వెయ్యొద్దు. ఆ డబ్బుతో ఐదుగురు ముసలమ్మలకి బస్సు చార్జీలు, ఆ రోజు కూలి ఇచ్చి పిలుద్దాం. వాళ్లు కుర్చీల్లో కూర్చుంటారు, మనం కింద కూర్చుని వింటాం. తినడానికి అడ్డాకుల విస్తళ్లు. సరుకు సంతలో మన అమ్మల దగ్గరే, షాపు రేటుకి కొందాం. ప్రతి ఒక్కరూ ఇంటి నుంచి గుప్పెడు విత్తనం తెండి, దాని పేరు మీ ఇంట్లో ఎలా అంటారో అలాగే, మీ భాషలోనే కాగితం మీద రాసి తెండి.

మా మెస్ అక్కని అడిగాను. చోళ్లు ముందు రోజు సాయంత్రానికి పిండి పట్టించి ఇస్తే అరవై మందికి అంబలి కాస్తానంది, సామలు మాత్రం దంచి చెరిగినవే తెమ్మంది. మా గది నుంచి ముగ్గురం కలిసి ఐదు కేజీల చోళ్లు తెస్తాం. మీరు ఏం తెస్తారో, ఎన్ని కేజీలో కింద రాయండి. జి.మాడుగుల, పెదబయలు వైపు వాళ్లు అడ్డాకులు చూసుకుంటే బాగుంటుంది.