బియ్య మొక్కటి చాలునా?

పేదకుటుంబములకు బియ్యపు చింత చాలవరకు తీరినది. 1983లో తెలుగునాట కిలో రెండు రూపాయల బియ్యము మొదలైనప్పుడు, ఖజానా ఖాళీ యగునని వాదించినవారు పెక్కురు కలరు. 2013లో ఆహారభద్రతా చట్టము వచ్చి, మనిషికి నెలకు 5 కిలోల ధాన్యము హక్కుగా నేర్పడినది. 2023 జనవరి నుండి ఆ ధాన్యమునకు వెలయే లేదు. తెలంగాణములో 2025 ఉగాది మొదలు సన్నబియ్యమునే మనిషికి 6 కిలోల వంతున ఇచ్చుచున్నారు. కరవులలో జనము మలమల మాడి చచ్చిన దేశమున ఇది స్వల్పవిషయము కాదు. ఉచితపు బియ్యము జనులను సోమరులను చేయుచున్నదని నిండుకడుపుతో ఉపన్యసించువారితో మాకు పొత్తు లేదు.

అయినను, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలిన సంగతి వేరొకటి కలదు. 15 మొదలు 49 ఏండ్ల వయసుగల స్త్రీలలో రక్తహీనులు ఆంధ్రప్రదేశమున నూటికి 58కి పైగాను, తెలంగాణమున 57కి పైగాను ఉన్నారు. రక్తహీనతకు నులిపురుగులు మొదలైన కారణములును కలవు గాని, తిండి కొరత అందు ప్రధానము. వండి వడ్డించు చేతులలోనే నెత్తురు లేదన్నమాట.

లెక్క చూతము. నెలకు 5 కిలోలనగా దినమునకు 166 గ్రాములు. పనిచేయు మనిషికి వలసిన శక్తిలో ఇది మూడవ వంతుకు మించి చేకూర్పదు. అందలి మాంసకృత్తులు 13 గ్రాములు. కావలసినవో పురుషునకు 54, స్త్రీకి 46. మిగిలిన ముప్పాతిక భాగమును అంగడిలో కొనవలసినదే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ప్రకటించిన సూత్రములలో మనిషికి దినమునకు 85 గ్రాముల పప్పుదినుసులు నిర్ణయించిరి. నలుగురున్న యింటికి 340 గ్రాములు కావలెను. కందిపప్పు కిలో నూరు రూపాయలు దాటియున్న ఈ దినములలో పప్పొక్కదానికే దినమునకు 35 రూపాయలకు తక్కువ పట్టదు. పని దొరకిననాడు తిని, దొరకనినాడు పస్తుండు కూలివానికి ఈ సూత్రమును చదివి వినిపించుట సులభమే!

ఆ సంస్థ పుట్టుకలోనే మనకొక పాఠము కలదు. 1918లో మెకారిసను దొర బెరిబెరి వ్యాధిని విచారించుటకు కూనూరులో నెలకొల్పిన చిన్న ప్రయోగశాలయే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. ఆ బెరిబెరికి పేరుపడిన తావులలో మన ఉత్తర సర్కారులొకటి. దక్షిణపు జిల్లాలలో ఉప్పుడు బియ్యము తినువారిని ఆ వ్యాధి అంతగా బాధింపలేదు. ధాన్యమును ఉడికించునపుడు తవుటిలోని విటమిను గింజలోనికి ఇంకుటయే అందుకు కారణము. మనవారో, పచ్చిబియ్యమును మరలో మల్లెపూవువలె తెలుపెక్కువరకు పట్టించి, నాలుగు నీళ్లు కడిగి, వండి గంజి వార్చిరి. తవుడు, కడుగు, గంజి మూడును పశువుల కుడితితొట్టిలోనికి పోయెను. ఇంటి యజమానికన్న ఇంటి గేదె మేలైన భోజనము చేసిన కాలమది! నేడు బెరిబెరి మాట వినరాకున్నను, తెల్లని యన్నమే గౌరవమను భ్రమ మాత్రము పోలేదు. బియ్యమును ఒక్కమారు కడిగి, ఎసరు సరిపోవునట్లు పోసి వార్చకుండ వండుకొనుటకు దమ్మిడీ ఖర్చు లేదు.

ఇక కొనవలసిన వానిని గూర్చి. కందిపప్పు ఒక్కటియే పప్పు కాదు. ఉలవలలోను మాంసకృత్తులు నూటికి ఇంచుమించు 22 పాళ్లు, కందిపప్పుతో సమానము, వెల తక్కువ. ఉలవచారు నేడు విందులలో వెన్నతో వడ్డించు వస్తువైనది గాని, పుట్టినది కాపువాని కుండలో. బొబ్బర్లును అట్టివే. వేరుసెనగ గుండ్లలో ఈ పాలు పాతికకు దగ్గర; గుప్పెడు గుండ్లు వేయించి నూరిన పచ్చడి పిల్లవాని యన్నమునకు బలము. బియ్యములో కొరతయైన లైసినను పదార్థము పప్పులలో సమృద్ధిగా నుండుటచే, రెండును కలసినప్పుడే ఒడలికి పూర్తిగా పట్టును. పులగము తినిన పెద్దలకు ఈ శాస్త్రము తెలియదు, నాలుకకు మాత్రము తెలిసినది.

ఆకుకూరల సంగతి చెప్పనేల? తోటకూర, గోంగూర, పొన్నగంటికూర కట్ట కొలది రూపాయలకే దొరకును. మునగాకు పల్లెలలో ఊరకే దొరకును. ఆషాఢమున దానిని తినవలెనను ఆచారము మనకు కలదు, తక్కిన పదునొకండు మాసములు దానిని మేకలకు విడిచిపెట్టుటెందులకో! ఆకుకూరలోని యినుము ఒంటికి పట్టుటకు నిమ్మరసము తోడ్పడును. భోజనమైన వెంటనే త్రాగు టీ దానిని చెరచును. చేపలు తినువారికి ముల్లుతో సహా నమలు ఎండు నెత్తళ్లు చౌకైన కాల్షియము. కోడిగ్రుడ్డు ఒక్కొక్కటి 6 గ్రాముల మాంసకృత్తుల నిచ్చును. పిల్లలు పది రూపాయలకు కొను వేపుడు ముక్కల పొట్లములో గాలి యెంత, సరుకెంత యని తల్లిదండ్రులు ఒక్కమారు విప్పి చూడవలయును.

చిరుధాన్యముల విషయమున ఒక చిత్రము జరిగినది. వంద గ్రాముల రాగులలో కాల్షియము 340 మిల్లీగ్రాములకు పైబడి యుండగా, అంతే బియ్యములో అది పదికి అటునిటు. రాగులనుడు, చోళ్లనుడు, తైదలనుడు, అది పేదవాని సంకటి, పేదవాని అంబలి. 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రపంచమంతయు జరుపుకొన్నది. ఫలితముగా కొఱ్ఱలు, అరికెలు పట్టణములలో రంగుసంచుల కెక్కి సన్నబియ్యమునకు మించిన వెల పలుకుచున్నవి. తాత తినిన కొఱ్ఱన్నము మనుమడు కొనలేని వస్తువైనది. వైద్యుల సలహా విని ధనికులు తినుట మంచిదే. పేదవానికి మాత్రము ఉపదేశము మిగిలినది.

వంటింటిలోని మరియొక అన్యాయమును గూర్చి వ్రాయక తప్పదు. ముందు మగవారు, పిమ్మట పిల్లలు, చివరకు ఆడువారు తినుట పెక్కిండ్లలో నేటికిని ఆచారము. పప్పు గిన్నె అడుగంటిన తరువాత కోడలికి మిగులునది పచ్చడి మెతుకులు, పలుచని చారు. ఇంటికి తెచ్చిన పప్పు చాలకపోవుట బీదరికము. ఉన్నదానిని సమముగా పంచకపోవుట బీదరికము కాదు. గర్భిణికి అంగన్‌వాడీలో పెట్టు గ్రుడ్డు, పాలు అక్కడనే తినిపింపవలెనని పట్టుపట్టుట ఇందులకే యని మా యభిప్రాయము. ఇంటికి పంపిన గ్రుడ్డు ఎవరి విస్తరిలో పడునో ఎల్లరకు తెలిసినదే.

ప్రభుత్వములవారిని మేము కోరునది దుర్లభమైనది కాదు. ఇచ్చు బియ్యమును తగ్గింపవలదు. దానితోపాటు మనిషికి నెలకు ఒక కిలో పప్పును తప్పక ఇయ్యవలయును. ఒకనెల ఇచ్చి రెండునెలలు లేదనుటచే ప్రయోజనము లేదు. చోళ్లు విశాఖ మన్యములో నేటికిని పండుచున్నవి. మద్దతుధరల పట్టికలో వానికి వరికన్న హెచ్చుధరయే వ్రాయబడి యున్నది; కొనుగోలు కేంద్రము దగ్గరలేని రైతునకు ఆ ధర కాగితముపై నున్నట్టిదే. ఆ చోళ్లను కొని చౌకధరల దుకాణములకు చేర్చుటకు క్రొత్త చట్టము అక్కరలేదు. 2013నాటి చట్టములోనే బియ్యము, గోధుమలతోపాటు ముతకధాన్యములును పేర్కొనబడినవి. కార్డుదారు కోరినచో బియ్యములో ఒక కిలోకు మారుగా చోళ్లు ఇచ్చు ఏర్పాటును ముందుగా మన్యపు మండలములలోను, వానిని ఆనుకొనియున్న పల్లపు మండలములలోను రాబోవు కోతకు ముందే ఆరంభింపవచ్చును.