అమ్మినవాళ్ళే పట్టుకున్న తుపాకులు

1898 జనవరిలో మస్కట్ దగ్గర సముద్రంలో 'లాప్‌వింగ్' అనే బ్రిటిష్ యుద్ధనౌక 'బలూచిస్తాన్' అనే సరుకు ఓడను ఆపి, అందులోని తుపాకులు, తూటాలు జప్తు చేసింది. ఓడ బ్రిటిష్ వాళ్ళది. సరుకు సొంతదారైన ఫ్రాసిస్ టైమ్స్ కంపెనీ లండన్‌లో వ్యాపారం చేసేది. జప్తు చేసిన కార్ అనే అధికారి బ్రిటిష్ నౌకాదళం మనిషి. కంపెనీ ఊరుకోకుండా కార్ మీద దావా వేసింది. అప్పీలు కోర్టులో ఆయన ఓడిపోయాడు. చివరికి 1902లో ప్రభువుల సభ ఆయన్ని గట్టెక్కించింది. అలాంటి జప్తుకు అనుమతిస్తూ మస్కట్ సుల్తాన్ ముందే ఒక ప్రకటన చేశాడు కాబట్టి, ఆయన జలాల్లో జరిగిన జప్తు చెల్లుతుందని తేల్చింది. ఆ ప్రకటన సుల్తాన్ చేత చేయించింది కూడా బ్రిటిష్ ప్రభుత్వమే.

న్యాయసూత్రాల సంగతి లాయర్లకు వదిలేద్దాం. మస్కట్ మీదుగా తుపాకులు చేరే భారతదేశపు వాయవ్య సరిహద్దులో దొరల ప్రభుత్వం నడిపిన ఆయుధ నియంత్రణ ఎంత గొప్పదో ఆ ఒక్క ఓడలోనే తెలిసిపోతుంది. తుపాకీ నడిచే దారిలో కాపలా పెట్టారు. అది బయలుదేరే రేవును మాత్రం ముట్టుకోలేదు. కొనేవాడు ఎందుకు కొంటున్నాడని అడగనూ లేదు.

ఆ దారి మీద అంత పట్టుదల 1897తో మొదలైంది. ఆ ఏడాది ఖైబర్ కనుమ కోటలను అఫ్రీదీ తెగలవాళ్ళు పట్టుకున్నారు. వాళ్ళను అణచడానికి తీరా లోయకు 35 వేల దాకా సైన్యాన్ని పంపాల్సి వచ్చింది. కొండల మీంచి గురిచూసి కొట్టే అఫ్రీదీల చేతుల్లో పాత జెజాయిల్ తుపాకులే కాదు, మార్టిని-హెన్రీ రైఫిళ్ళూ ఉన్నాయి. అది బ్రిటిష్ సైన్యం తాను వాడి, లీ-మెట్‌ఫర్డ్ వచ్చాక పక్కన పెట్టేసిన రకం. లొంగుబాటు షరతుగా అఫ్రీదీలను 50 వేల రూపాయల జరిమానా, 800 రైఫిళ్ళు అడిగారు.

ఇంతకీ ఆ రైఫిళ్ళు ఎలా వచ్చాయి? కొన్ని కంటోన్మెంట్లలో రాత్రిపూట కొట్టేసినవి. కొన్ని ఆయుధాగారాల నుంచి తుక్కుగా బయటపడిన భాగాలను కూర్చి మళ్ళీ బతికించినవి. మిగతావి యూరప్ నుంచి మస్కట్ చేరి, అక్కడి నుంచి చిన్న ఓడల్లో మక్రాన్ తీరానికి, ఆపైన ఒంటెల మీద ఎడారి దాటి అఫ్ఘన్ వ్యాపారులతో పాటు వచ్చినవి. 1900 తర్వాత ఈ మూడో దారే పెద్దదైంది.

మస్కట్‌ను మూయించడం అంత తేలిక కాలేదు. ఆయుధాల మీద 1890లో బ్రస్సెల్స్‌లో కుదిరిన ఒప్పందం ఆఫ్రికాకే పరిమితం. పైగా మస్కట్‌లో వ్యాపార స్వేచ్ఛ ఇస్తూ ఫ్రాన్సుతో 1844 నాటి ఒడంబడిక ఉంది. ఫ్రెంచి జెండా ఎగరేసిన ఒమాన్ ఓడల తగాదా 1905లో హేగ్ మధ్యవర్తుల దాకా వెళ్ళింది. కలకత్తా సర్కారు ఫిర్యాదు చేసిన ప్రతిసారీ పారిస్ నుంచి మర్యాదగా తిరస్కారం వచ్చేది. ఇది అఫ్రీదీల వంటి పఠాన్ తెగల సమస్య అనుకున్నవాళ్ళకు, దీనిలో సగం యూరప్ రాజధానుల సమస్య అని అప్పుడు అర్థమైంది.

దాంతో 1909-10 చలికాలం నుంచి నౌకాదళమే గల్ఫ్‌ను కాపలా కాసింది. ఈ దిగ్బంధం వల్ల ఏమీ జరగలేదనడం న్యాయం కాదు. రవాణా బాగా తగ్గింది. కానీ దాని ఖరీదు ఎవరు కట్టారన్నదే అసలు ప్రశ్న. 1910 డిసెంబర్ 24న 'హయసింత్' నౌక సైనికులు దుబాయ్‌లో దిగి, దాచిన తుపాకుల కోసం ఇళ్ళు సోదా చేయబోయారు. గొడవ ముదిరింది. నౌక నుంచి ఫిరంగులు పేలాయి. దుబాయ్ వాసులు 37 మంది చనిపోయారని లెక్క. బ్రిటిష్ వైపూ ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత దుబాయ్ పాలకుడు షేక్ బుట్టీని 400 రైఫిళ్ళు, 50 వేల రూపాయలు ఇవ్వమన్నారు. తీరా లోయలోనూ 50 వేలే, దుబాయ్‌లోనూ 50 వేలే. జరిమానాల పట్టీ ఎక్కడో ముందే అచ్చయి ఉన్నట్టుంది.

1912లో మస్కట్ సుల్తాన్ చేత ఆయుధాల వ్యాపారాన్ని అదుపు చేసే ప్రత్యేక గిడ్డంగి పెట్టించారు. ఆయన నష్టానికి పరిహారమూ కట్టారు. లోపలి ఒమాన్ తెగలకు అది మింగుడు పడలేదు. ఆ కోపం కూడా తోడై 1913లో సుల్తాన్ మీద తిరుగుబాటు లేచింది. ఆయన్ని కాపాడటానికి భారతదేశం నుంచి సిపాయిలు వెళ్ళాల్సి వచ్చింది.

ఈలోగా పెషావర్‌కు దక్షిణాన, కోహాట్ కనుమలో, దర్రా ఆదమ్ ఖేల్ పని మొదలుపెట్టేసింది. అక్కడి అఫ్రీదీలకు రోడ్డు తెరిచి ఉంచినందుకు సర్కారు ఏటా భత్యం ఇచ్చేది. ఆ రోడ్డు పక్కనే ఆదమ్ ఖేల్ కమ్మరులు ఆకురాయి పట్టి, చేత్తో రైఫిళ్ళు చేసేవారు. కిరీటమూ, విక్టోరియా రాణి ముద్రా, ఎన్‌ఫీల్డ్ పేరూ చెక్కేవారు. అక్షరాలు తలకిందులైనవీ, రాణి పోయాక తయారైనట్టు తేదీ ఉన్నవీ ఇప్పటికీ పాత తుపాకులు సేకరించేవాళ్ళ చేతికి వస్తుంటాయి. సముద్రం మీద దారి మూస్తే ఊళ్ళో కొలిమి రాజుకుంది.

ఇళ్ళ సోదా ఎంత దూరం పోతుందో ఆ కనుమలోనే ఇంకోసారి తేలింది. 1923లో కోహాట్ పోలీసుల దగ్గర 40కి పైగా రైఫిళ్ళు పోయాయి. వాటి కోసం అజబ్ ఖాన్ అనే అఫ్రీదీ ఊరి మీద దాడి చేశారు. తమ ఆడవాళ్ళను అవమానించారన్నది అతని ఆరోపణ. ఏప్రిల్‌లో అతని మనుషులు కోహాట్ కంటోన్మెంట్‌లో ఒక మేజర్ ఇంట్లో జొరబడి, ఆ మేజర్ భార్యను చంపి, కూతురు మోలీ ఎల్లిస్‌ను ఎత్తుకుపోయారు. ఆ పిల్లను వెనక్కి తేవడానికి లిలియన్ స్టార్ అనే నర్సు కొండల్లోకి వెళ్ళింది. నిరపరాధిని చంపడాన్ని ఎవరూ సమర్థించరు. ఆ పగకు దారితీసిన సోదాను మరిచిపోవడమూ కుదరదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన మన్యంలోనూ తుపాకీ పోరు నడుస్తోంది. 1878 ఆయుధాల చట్టం ఇక్కడివాళ్ళను లైసెన్సుల్లో కట్టేసి, యూరోపియన్లను ఆ నిబంధన నుంచి తప్పించింది. అల్లూరి సీతారామరాజుకు మస్కట్ లేదు, దర్రా లేదు. అందుకే 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల నుంచే తుపాకులు తీసుకున్నాడు. మొత్తం 26 తుపాకులు, 2,500 దాకా తూటాలు. ఏమేం తీసుకున్నాడో స్టేషన్ పుస్తకంలో రాసి మరీ వెళ్ళాడు. దొంగరవాణా దారే లేని చోట సర్కారు బీరువాయే ఆయుధ బజారైంది.

నియంత్రణ అవసరమే లేదని దీనర్థం కాదు. తుపాకులు చవకైతే ముందు చచ్చేది అక్కడి పేదలే. పఠాన్ ఊళ్ళలో పాత పగలు రైఫిలు వచ్చాక మరింత ప్రాణాంతకమయ్యాయి. అయితే 1893లో డ్యూరాండ్ ఒప్పందంలోనే కాబూల్ అమీర్‌కు 18 లక్షల రూపాయల వార్షిక భత్యమూ, ఆయుధాలు తెప్పించుకునే వీలూ ఇచ్చిన ప్రభుత్వం, సరిహద్దుకు ఇవతల రైఫిలు కనబడితే ఉలిక్కిపడటం చిత్రం.

ఆ చిత్రం ఇప్పటికీ ఆగలేదు. 2021లో అమెరికా అఫ్ఘనిస్తాన్‌ను వదిలి వచ్చేటప్పటికి, ఆ దేశ సైన్యానికి తానిచ్చిన సామగ్రిలో 700 కోట్ల డాలర్లకు పైగా విలువైనది అక్కడే ఉండిపోయింది. ఆ రైఫిళ్ళు తన మీదే గురిపెడుతున్నాయని పాకిస్తాన్ ఐక్యరాజ్య సమితిలో మొరపెట్టుకుంటోంది. కానీ 1980లలో అదే సరిహద్దు మీదుగా ముజాహిదీన్‌లకు అమెరికా ఆయుధాలు పంచిపెట్టింది పాకిస్తాన్ గూఢచారి సంస్థే. వాటిని నిల్వ ఉంచిన రావల్పిండి దగ్గరి ఓఝ్రీ డిపో 1988 ఏప్రిల్ 10న పేలిపోయి, రాకెట్లు వచ్చి ఆ దేశ పౌరుల ఇళ్ళ మీదే పడ్డాయి.