వదులుకున్న బేరం

ఒకవైపు దగ్గు మందు, మరోవైపు సిగరెట్ పెట్టె... అమెరికా మందుల షాపుల్లో ఈ దృశ్యం ఏళ్లతరబడి మామూలే. అక్కడి గొలుసుకట్టు సంస్థ సీవీఎస్ మాత్రం ఇక పొగాకు అమ్మబోమని 2014 ఫిబ్రవరిలో ప్రకటించింది. పెట్టుకున్న గడువు అక్టోబరు 1 అయినా, సెప్టెంబరు 3కే 7,600కు పైగా షాపుల్లో ఆపేసింది. ఏటా సుమారు 200 కోట్ల డాలర్ల అమ్మకాలు పోతాయని తెలిసే! షాపుల్లోనే క్లినిక్కులు నడుపుతున్న సంస్థకు ఇందులో వ్యాపార లెక్కా ఉందనుకోండి. చిప్స్, కూల్‌డ్రింకులు అలాగే ఉంచారు కూడా. అయినా చేతికందే లాభాన్ని కాదనుకోవడం చిన్న విషయమేమీ కాదు.

మన మెడికల్ షాపుల్లో సిగరెట్లు కనిపించవు. ఇక్కడ వదులుకోవాల్సిన బేరం వేరు: చీటీ లేకుండా ఇచ్చే యాంటీబయాటిక్. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్‌1 ప్రకారం కొన్ని మందులు అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. మీ వీధి చివర షాపులో ఆ రిజిస్టరు ఉందా? ఈసారి వెళ్లినప్పుడు అడిగి చూడండి.