మొర్రి పండు నల్లబడే దాకా ఆగాలి

మొర్రి పండు అడ్డకొలత సుమారు ఒక సెంటీమీటరు. శనగగింజ కంటే కొంచెం పెద్దది, రేగుపండు కంటే చిన్నది. పూర్తి గుండ్రం కాదు, రెండు పక్కలా వేలితో మెల్లగా నొక్కినట్టుంటుంది. కాయగా ఉన్నప్పుడు ఆకుపచ్చ, మాగితే ఊదా కలిసిన నలుపు. తోలు పలచన. కింద గుజ్జు కూడా ఎక్కువుండదు, ఉన్న కాస్తా తీపి, ఆ తీపి వెనకే చిన్న పులుపు. గుజ్జు పోగానే పంటికి టెంక తగులుతుంది. ఈ చెట్టుది మామిడి, జీడిమామిడి కుటుంబమే. సెంటీమీటరు పండులో కూడా మామిడిపండు కట్టుబాటే కనిపిస్తుంది: తోలు, గుజ్జు, టెంక, టెంకలో జీడి.

ఆ టెంక చాలా గట్టిది. రెండు చిప్పలు అంచుకు అంచు కలిపి బిగించినట్టు ఉంటుంది. లోపల కందిగింజంత పప్పు ఒక్కటే. అదే సారపప్పు. పాయసంలో, మిఠాయిల మీద కనిపించే ఆ గోధుమరంగు పలుకు చెట్టు మీద ఏ రూపంలో ఉంటుందో కొనేవాళ్ళలో చాలామందికి తెలియదు. తెలుసుకోవాలన్న ఆసక్తీ కనబడదు. పప్పు బరువులో సగం, ఒక్కోసారి అంతకు మించి, నూనే. అందుకే అది నోట్లో వెన్నలా నలుగుతుంది, అందుకే దానికి ఆ ధర.

ఆ నూనె పప్పులో చేరడానికి కాలం పడుతుంది. చలి తగ్గే రోజుల్లో పూత, ఏప్రిల్, మే నెలల్లో పండు. కాయ సెంటీమీటరు సైజుకు వచ్చినంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు. పైకి ఎదుగుదల ఆగినట్టు కనిపించే రోజుల్లోనే లోపల టెంక గట్టిపడుతుంది, పప్పు నిండుతుంది. అది నిండిందనడానికి పైకి కనిపించే గుర్తు రంగొక్కటే. పచ్చిగా కోసిన కాయను ఎండబెడితే టెంక టెంకలాగే ఉంటుంది, పగలగొడితే ముడుచుకుపోయిన తొక్కలాంటి పప్పు దొరుకుతుంది. అది తినడానికీ నాసి, మొలకెత్తడానికీ నాసి.

అయినా ఆదిలాబాద్, ములుగు, భద్రాచలం అడవుల్లో, ఇటు పాడేరు, రంపచోడవరం కొండల్లో మొర్రిని పచ్చిగానే దులపడం అలవాటుగా మారుతోంది. ‘మనం కోయకపోతే రేపు ఇంకొకరు కోస్తారు’ అన్న ఒక్క మాట దీనికి మూలం. చేతికందని కొమ్మను నరికి కింద పడేసి కోయడం ఇంకా దారుణం. కొమ్మ పోతే ఆ చోట కాపు కొన్నేళ్ళు ఉండదు. ఒక సెంటీమీటరు కాయ కోసం చేయి లావు కొమ్మ!

ఈ తప్పును అడవిలో ఉన్నవాళ్ళ మీదికి నెట్టేస్తే సరిపోదు. పక్కనున్న బస్తర్‌లో ఒకప్పుడు వ్యాపారులు ఉప్పిచ్చి సారపప్పు పట్టుకుపోయేవారు, కిలోకు కిలో. జీడిపప్పుతో పోటీపడే పప్పుకు ఉప్పు! ఏరినవాళ్ళు తూకం తెలియక కాదు, వేరే దారి లేక ఇచ్చారు. 2020లో కేంద్రం మొర్రి టెంకల మద్దతు ధరను కిలోకు 126 రూపాయలు చేసింది. కానీ నల్లబడిన కాయ నుంచి వచ్చిన టెంకకూ పచ్చిగా కోసిన టెంకకూ కొనేవాడు తేడా చూపకపోతే, కోసేవాడు ఎండలో ఇంకో రెండు వారాలు ఎందుకు ఆగాలి? పట్నం వంటింటిదీ ఇదే ధోరణి. ముడుచుకున్న పప్పును మారుమాట లేకుండా కొంటుంది, పండగ కాగానే మరిచిపోతుంది. ఈ విజ్ఞప్తి రాస్తున్న చేయి కూడా ఏళ్ళ తరబడి అలా కొన్నదే.

కాబట్టి కొనేవారు చూడవలసింది పప్పు నిండుతనం. నిండిన పప్పు మధ్యలో ఉబ్బి, అంచుల్లో పలచబడి ఉంటుంది, గోరుతో నొక్కితే నూనె చెమ్మ తగులుతుంది. ఎండిపోయి గీతలు పడ్డదాన్ని వెనక్కి ఇచ్చేయాలి. పదిమంది వెనక్కిస్తే దుకాణం అడుగుతుంది, దుకాణం అడిగితే సంతలో కొనేవాడు రంగు చూస్తాడు. గిరిజన ప్రాంతాల్లో కొనుగోలు చేసే సంస్థలు రంగును బట్టి ధర కట్టాలి. ఊళ్ళు కోత మొదలయ్యే రోజును ఒకే మాట మీద తేల్చుకోవాలి. ఒక ఊరు ఆగి పక్క ఊరు ఆగకపోతే ఫలితం సున్నా.

ఇక పండు సంగతి. మొర్రి పండు నిలవ ఉండదు. ఆ పలచని తోలు కాస్త ఒత్తిడికే చిట్లుతుంది. దూరపు బజారుకు చేరదు కాబట్టే పట్నానికి దాని రుచి తెలియదు. వేసవిలో అడవి దారుల పక్కన ఆకు దొప్పల్లో దొరికినప్పుడే తినాలి. పిట్టలూ ఎలుగుబంట్లూ తినేదీ ఈ నల్లబడిన పండునే, టెంకను దూరాన పడేసేదీ అవే. పచ్చిగా దులిపేసిన చెట్టు కింద వాటికి పనిలేదు.

టెంక గట్టితనం మొలకకూ అడ్డమే. నాటాలనుకునేవారు బాగా నల్లబడి రాలిన పండునే ఏరాలి. గుజ్జు కడిగి, లోపలి పప్పు నలగకుండా చిప్పలను కొంచెం విడదీసి, తొలకరికే నాటాలి. నిలవ పెట్టినకొద్దీ గింజలో మొలిచే శక్తి తగ్గుతుంది. తల్లివేరు లోతుకు దిగే మొక్క కాబట్టి పెరిగాక పీకి మార్చడం కంటే ఉండవలసిన చోటే టెంకను పెట్టడం మేలు. లోతు ఎక్కువ అక్కర్లేదు, రెండు వేళ్ళ మందం మట్టి కప్పితే చాలు.