అత్త మీద కోపం... దుత్త మీద!

అత్త మీద కోపం దుత్త మీద చూపించడం మనుషులకే చేతనైన విద్య అనుకుంటాం. కానీ ఆఫ్రికా గడ్డిమైదానాల్లోని బబూన్ కోతులకీ అది బాగా తెలుసు. పెద్ద మగకోతి చేతిలో దెబ్బ తిన్నది, దాన్నేమీ చెయ్యలేక తనకంటే బలహీనమైనదాన్ని కరుస్తుంది. అది ఆడకోతిని తరుముతుంది. ఆడకోతి పిల్లకోతిని కొడుతుంది!

అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ సపోల్‌స్కీ 1978లో కెన్యా వెళ్లి ఈ కోతుల వెంట తిరగడం మొదలుపెట్టారు. వాటికి మత్తు సూదులు వేసి, రక్తం తీసి పరీక్షించారు. మందలో అట్టడుగున ఉన్నవాటి రక్తంలో కార్టిసాల్ మామూలప్పుడు కూడా ఎక్కువే ఉంది. సింహం వెంటపడినప్పుడు ప్రాణం కాపాడే హార్మోన్ అది. అదే రోజూ ఊరుతుంటే ఒంటికి చేటు. రక్తపోటు పెరుగుతుంది, రోగాలను తట్టుకునే శక్తి తగ్గుతుంది.

మరి టెస్టోస్టెరాన్ ఎక్కువున్నదే నాయకుడవుతుందా? కాదు. మంద నిలకడగా ఉన్నప్పుడు హోదాకీ ఈ హార్మోన్‌కీ పెద్దగా సంబంధం కనిపించలేదు. వెర్వెట్ అనే మరో జాతి కోతుల మీద కాలిఫోర్నియాలో చేసిన పరిశోధన 1991లో వెలువడింది. మంద నుంచి నాయకుణ్ని తప్పించి, మిగిలిన మగకోతుల్లో ఒకదానికి మెదడులో సెరటోనిన్ పనితీరును పెంచే మందు ఇచ్చారు. అదే నాయకుడైంది. ఎలాగంటారా? కొట్లాడి కాదు... ఆడకోతులతో స్నేహం చేసి, వాటి మద్దతు సంపాదించి!

అసలు విచిత్రం కెన్యాలోనే జరిగింది. 1980లలో ఒక పర్యాటక లాడ్జి చెత్తకుప్పలో క్షయ సోకిన మాంసం పడింది. దానికోసం కొట్లాడి తిన్న దుడుకు మగకోతులన్నీ చచ్చిపోయాయి. సాధువులు మిగిలాయి. పదేళ్లకు ఆ పాత మగకోతులు కూడా లేవు. వాటి స్థానంలో బయటి మందల నుంచి కొత్తవి వచ్చి చేరాయి. అయినా ఆ మంద నెమ్మదితనం పోలేదు. వచ్చినవే ఇక్కడి పద్ధతి నేర్చుకున్నాయి! పెద్దా చిన్నా తేడాలు ఉన్నాయి కానీ, అడుగున ఉన్నవాటి ఒంట్లో ఆ ఒత్తిడి ఛాయలు లేవు. 2004లో ఈ సంగతులు ప్రచురితమయ్యాయి.

అంటే హార్మోన్లు మన తలరాత కావన్నమాట. ఇంటి వాతావరణమే వాటిని ఆడిస్తుంది.

ఇక్కడో చిక్కుంది. పక్కవాడి మీద విరుచుకుపడితే విరుచుకుపడినవాడికి ఒత్తిడి నిజంగానే తగ్గుతుంది. అందుకే ఆ అలవాటు ఓ పట్టాన పోదు. ఆఫీసులో పడ్డ మాట ఇంట్లో భార్య మీదికి, అక్కణ్నుంచి పిల్లాడి మీదికి జారిపోతుంది. పిల్లాడి కింద ఇంకెవరూ లేరు. ఆ కార్టిసాల్ అంతా వాడి చిన్న ఒంట్లోనే ఉండిపోతుంది.

గొలుసును ఎవరో ఒకరు తెంచాలి. కోతులకే సాధ్యమైంది, మనకు కాదా?