చిన్నపిల్లల షుగరుకు ముప్పై ఏళ్ళ నిబంధనా?

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ పెద్దలకు,

మురమళ్ళ చుట్టుపక్కల ఓ ఊళ్ళో మొన్నామధ్య షుగరు, బీపీ శిబిరం పెట్టారు. మూడో తరగతి పిల్లను వెంటబెట్టుకుని ఒక తల్లి వరసలో నిలబడింది. పిల్ల చెంబులకు చెంబులు నీళ్ళు తాగుతోంది. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైంది. గౌను భుజాల మీంచి జారిపోతోంది. బల్ల మీద గ్లూకోమీటరుంది, స్ట్రిప్పులూ ఉన్నాయి. "ముప్పై దాటినోళ్ళకేనమ్మా" అని పంపేశారు.

ఆ తర్వాత జరిగింది శాఖ ఎరగనిదేమీ కాదు. నీరసానికి ఎండదెబ్బ అన్నారు. కోనసీమ కదా, పూటకో బొండం కొట్టి తాగించారు, గ్లూకోజు పొడి కలిపిచ్చారు. దాహమన్న బిడ్డకు ఏ తల్లయినా ఇచ్చేది అదేగా! వాంతులు, కడుపునొప్పి వస్తే గ్యాస్ అన్నారు. ఎగశ్వాస మొదలైతే ఉబ్బసమనుకుని నెబ్యులైజర్ పెట్టారు. ఎదుర్లంక వంతెన దాటి, యానాం మీదుగా కాకినాడ చేరేసరికి నోట మాగిన పండు వాసన. మీటరులో అంకె రాలేదు, "హై" అని చూపించింది. చాలా మీటర్లు 600 దాటితే అంతే. పిల్ల దక్కింది, అదొక్కటే ఊరట.

ఇన్సులిన్ లేక ఒళ్ళు కొవ్వును కరిగించుకుంటుంది, కీటోన్లు పేరుకుని రక్తం ఆమ్లమవుతుంది, దాన్నే కీటోఅసిడోసిస్ అంటారు. ఆ ఎగశ్వాస దానిదే. టైప్-1 ఇలా వారాల్లో ముంచుకొస్తుంది. టీనేజీ పిల్లల్లో టైప్-2 మాత్రం చడీచప్పుడు లేకుండా ఉంటుంది. దానికి సూచనగా మెడ వెనక మందంగా పేరుకున్న నలుపును మురికనుకుని తల్లులు పీచుతో రుద్దుతుంటారు.

షుగరు, బీపీల జాతీయ కార్యక్రమం వడపోతను (స్క్రీనింగ్) ముప్పై నిండినవారికని పెట్టింది, నిజమే. 2013లో మొదలైన బాల స్వాస్థ్య కార్యక్రమం 18 ఏళ్ళ వరకు చూస్తుంది గానీ, మొదట ఎంచిన 30 సమస్యల్లో షుగరు లేదు. పిల్లలందరికీ పరీక్షలు చేయమని ఎవరూ అడగడం లేదు. లక్షణాలతో ఎదుట నిలబడ్డ పిల్లకు చేసేది వడపోతా, వైద్యమా? ఒక్క చుక్క రక్తానికి వయసు అడ్డమెలా వచ్చింది?

ఇటలీలోని పార్మాలో 1991లో బళ్ళలో పోస్టర్లు అంటించారు, పిల్లల డాక్టర్లకు చక్కెర చూసే పరికరాలు, సూచనల కార్డులు ఇచ్చారు. పక్క తడపడం, దాహం లాంటివి కనిపెట్టమని చెప్పారు. కొత్తగా షుగరు బయటపడ్డ బడి పిల్లల్లో కీటోఅసిడోసిస్‌తో వచ్చేవారు అంతకుముందు 78 శాతం. 1997 నాటికి, ఆ ఏళ్ళన్నీ కలిపి చూస్తే, 12.5 శాతం. మన బళ్ళలో ఆ కాగితం ఎందుకు లేదు? మురమళ్ళ వీరేశ్వరస్వామి నిత్యకల్యాణానికి ఎన్నెన్ని ఊళ్ళ జనం వస్తారు, అక్కడొకటి పెట్టలేరా? పిల్లాడు ఉచ్చపోసిన చోట చీమలు పడుతున్నాయని తల్లి చెబితే ఏఎన్ఎం ఏం చేయాలో ఎవరు నేర్పారు?

పాత గోడు ఇంకా ఉంది. 2022 ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా అయింది. ప్రాణం మీదికొస్తే ఇంకా గోదావరి దాటాలా? ఫ్రిజ్ లేని ఇంట్లో ఇన్సులిన్ ఎక్కడ దాచాలి? బడిలో మధ్యాహ్నం సూది ఎవరు వేస్తారు, కళ్ళు తిరిగితే చక్కెర ఎవరు నోట్లో వేస్తారు? ఇన్నేళ్ళుగా అడుగుతున్నవే, అడిగి అడిగి విసుగొచ్చింది. మళ్ళీ శిబిరాలు పెట్టేలోపైనా ఏదో ఒకటి చేయండి.

ఇట్లు,
మురమళ్ళ పరిసరాల తల్లిదండ్రుల తరఫున