ఉక్కు నగరంలో అర్థశాస్త్రం ఎవరి చదువు?

1912 ఫిబ్రవరిలో సాక్చీ కర్మాగారంలో తొలి ఉక్కు దిమ్మె తయారయింది. అదే ఏడాది జంషెడ్‌జీ టాటా చిన్న కుమారుడు రతన్ టాటా (ఇటీవల కన్నుమూసిన పారిశ్రామికవేత్త కాదు, దత్తత వరుసలో ఆయనకు తాత) ఇచ్చిన విరాళంతో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో దారిద్ర్యంపై పరిశోధనకు ఒక సంస్థ వెలిసింది. దాని తొలి సంచాలకుడు ఆర్.హెచ్. టానీ. కనీస వేతనాల నిర్ణయం వల్ల ఇంగ్లండులో గొలుసులు తయారుచేసే కార్మికులకూ, దర్జీ పనివారికీ ఒరిగిందేమిటో ఆయన ఓపికగా లెక్కగట్టి పుస్తకాలు రాశాడు. టాటాల సొమ్ముతో ఇంగ్లండు కార్మికుడి కూలి లెక్క తేలింది. సింగ్‌భూమ్ కూలీ లెక్కను అంతే ఓపికగా తేల్చగల అర్థశాస్త్ర పీఠం మాత్రం, నూట పదేళ్లు దాటినా, జంషెడ్‌పూర్ ప్రభుత్వ కళాశాలల్లో రూపుదిద్దుకోలేదు.

ఈ నగరానికి విద్యాసంస్థల కొరత ఉందనలేము. ఇనుము గుణాన్ని పరీక్షించడానికి 1950లోనే జాతీయ లోహశోధన ప్రయోగశాల వచ్చింది. 1960లో వచ్చిన ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల నేటి ఎన్.ఐ.టి. జెసూట్ ఫాదరీలు 1949లో స్థాపించిన ఎక్స్‌.ఎల్‌.ఆర్‌.ఐ. పేరులోనే 'లేబర్ రిలేషన్స్' ఉంది. అయితే అక్కడ రెండేళ్ల చదువుకు పాతిక లక్షల పైమాటే. అందులో చేరేవారు దేశం నలుమూలల నుంచీ వస్తారు, చదువు ముగియగానే నలుమూలలకూ వెళ్లిపోతారు. ఊరి పిల్లలకు మిగిలేది కోఆపరేటివ్ కళాశాల, కరీం సిటీ కళాశాల, మహిళా కళాశాల స్థాయి నుంచి ఎదిగిన మహిళా విశ్వవిద్యాలయం. అక్కడ అర్థశాస్త్రం 'ఆర్ట్స్' కింద లెక్క. ఇంజనీరింగు రాకపోతే కామర్స్, అదీ కుదరకపోతే ఆర్ట్స్ అన్న మెట్ల వరుసలో దానిది కింది మెట్టు. తాతల కాలంలో ఉత్తరాంధ్ర నుంచి వచ్చి కదమా, సోనారీ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ ఈ వరుస మారలేదు. బిష్టుపూర్ రామమందిరంలో నవమి ఉత్సవాలు తరం తరువాత తరం జరుపుకుంటున్నట్టే, కొడుకు కంపెనీలో ఇంజనీరు కావాలన్న కోరికనూ అంతే శ్రద్ధగా కాపాడుకుంటూ వచ్చారు. వారిని తప్పుపట్టలేము. తండ్రి కొలువు కొడుకుకు దక్కిన రోజులు ఆ ఇళ్లు చూశాయి. 1990ల తరువాత ఉత్పత్తి అనేక రెట్లు పెరిగింది, శాశ్వత ఉద్యోగుల సంఖ్య బాగా కుంచించుకుపోయింది. కొలువు పోయినా దాని నీడలో నిర్ణయించుకున్న చదువుల వరుస మాత్రం పోలేదు.

ఇంతకూ అర్థశాస్త్ర పట్టా ఎక్కడికి దారితీస్తుంది? కాగితం మీద దారులు చాలానే. భారత ఆర్థిక సేవ, రిజర్వు బ్యాంకు పరిశోధన విభాగం, గణాంక శాఖలు, బ్యాంకులు, సర్వే సంస్థలు, అధ్యాపకత్వం. కానీ మొదటి తలుపు పదకొండో తరగతిలోనే మూసుకుపోతుంది. పదో తరగతి కాగానే లెక్కలు వదిలి ఆర్ట్స్ తీసుకున్న పిల్లవాడికి, ఢిల్లీ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం ఆనర్సుకు పన్నెండులో గణితం తప్పనిసరి అన్న సంగతి ఆ వయసులో ఎవరూ చెప్పరు. స్థానిక కళాశాలలో గణితం లేకుండానే పట్టా వస్తుంది. ఎం.ఏ. ప్రవేశ పరీక్షలో కలనగణితం, గణాంకశాస్త్రం ఎదురైనప్పుడుగానీ తాను చదివినది సగం అర్థశాస్త్రమేనని అతనికి తెలియదు.

రెండో తలుపు మరీ విచిత్రమైనది. 1961లో ఏర్పడిన భారత ఆర్థిక సేవకు స్నాతకోత్తర పట్టా కావాలి. ఏడాదికి భర్తీ చేసే కొలువులు దేశం మొత్తానికి కొద్ది పదులు. ఆ పరీక్షలో జవాబులన్నీ ఇంగ్లీషులోనే రాయాలి. ఐ.ఏ.ఎస్. కోరుకునేవాడు సివిల్ సర్వీసెస్ మెయిన్స్ తెలుగులోనో, హిందీలోనో, సంతాలీలోనో రాయవచ్చు. జిల్లాను పాలించడానికి అడ్డురాని మాతృభాష, ఆ జిల్లా ధరలనూ కూలినీ విశ్లేషించడానికి అడ్డు వస్తుందట! దీనికి యు.పి.ఎస్‌.సి. దగ్గర ఉన్న సమర్థన ఏమిటో పార్లమెంటులో గట్టిగా అడిగే సభ్యుడు ఇంకా దొరకాలి.

పోనీ, ఆర్థికాధికారం అంచులకైనా ఈ పట్టా చేరుస్తుందా అంటే, అక్కడా తకరారే. రిజర్వు బ్యాంకు గవర్నర్లయిన తెలుగువారిలో వై.వి. రెడ్డి అర్థశాస్త్రంలో ఎం.ఏ., ఉస్మానియాలో డాక్టరేట్ చేసినవారు. దువ్వూరి సుబ్బారావు మొదట చదివింది భౌతికశాస్త్రం, అర్థశాస్త్రం తరువాత వచ్చింది. 2018 నుంచి 2024 వరకు ఆ కుర్చీలో కూర్చున్న శక్తికాంత దాస్ చరిత్ర విద్యార్థి. ముగ్గురికీ ఉమ్మడిగా ఉన్నది ఐ.ఏ.ఎస్. కనుక జంషెడ్‌పూర్ అర్థశాస్త్ర విద్యార్థి తన సబ్జెక్టును పక్కనపెట్టి బ్యాంకు పి.ఓ., స్టాఫ్ సెలక్షన్, జె.పి.ఎస్‌.సి. గైడ్లు ముందేసుకోవడం బుద్ధిలేక కాదు. అవి గౌరవప్రదమైన కొలువులే. నష్టపోయేది ఆ విద్యార్థి కాదు, ఆ రాష్ట్రం.

ఎలాగంటే, ఝార్ఖండ్ భూముల తలరాతను మార్చిన ఆర్థిక నిర్ణయాల్లో పెద్దది రవాణా ఛార్జీల సమానీకరణ. 1950ల నుంచి 1990ల ఆరంభం దాకా ఉక్కు దేశంలో ఎక్కడ కొన్నా దాదాపు ఒకే ధరకు దొరికేలా కేంద్రం రైలు ఛార్జీని సర్దింది. గని పక్కన ఫ్యాక్టరీ పెట్టడంలో ఉన్న సహజ లాభం అలా కరిగిపోయింది. ఉక్కుతో వస్తువులు చేసే పరిశ్రమలు తీరప్రాంత రాష్ట్రాలకు తరలాయి. నిర్ణయం ఢిల్లీది, మూల్యం దక్షిణ బిహారుది. ఇప్పుడు బొగ్గు బకాయిల కింద కేంద్రం నుంచి 1.36 లక్షల కోట్ల రూపాయలు రావాలని రాంచీ అంటోంది. అలాంటి బకాయి లేదని కేంద్రం లోక్‌సభలోనే చెప్పింది. ఖనిజాలపై పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉందని 2024 జూలైలో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పాక ఈ లెక్కల విలువ ఇంకా పెరిగింది. ఇద్దరిలో ఎవరి లెక్క ఎంత నిజమో పార్టీలకు అతీతంగా తేల్చి చెప్పవలసిన పని రాష్ట్ర విశ్వవిద్యాలయాల అర్థశాస్త్ర విభాగాలది. ఏళ్ల తరబడి 'అవసర ఆధారిత' ఒప్పంద అధ్యాపకులతో నెట్టుకొస్తున్న విభాగాలు ఆ పని ఎక్కడ చేస్తాయి?

2019ని గుర్తుచేసుకోవాలి. ఉపాధి సర్వే నివేదికను ప్రభుత్వం తొక్కిపట్టిందంటూ జనవరిలో జాతీయ గణాంక సంఘం నుంచి ఇద్దరు సభ్యులు వైదొలిగారు. ఎన్నికలు ముగిసి కొత్త ప్రభుత్వం కొలువుదీరాకే ఆ నివేదిక వెలువడింది. నిరుద్యోగిత 6.1 శాతమని అందులో తేలింది. అదే ఏడాది వాహన రంగ మాంద్యంలో టాటా మోటార్స్ విడతల వారీగా ఉత్పత్తి ఆపడంతో, దాని మీదే ఆధారపడిన ఆదిత్యపూర్ చిన్న పరిశ్రమల్లో యంత్రాలు ఆగిపోయాయి, కాంట్రాక్టు కార్మికులు ఇళ్లకు వెళ్లారు. గేటు పాసు తప్ప మరో కాగితం లేనివాడు పని పోయినా లెక్కకు ఎక్కడు. ఖర్కాయీ నదికి ఇవతలి గట్టునే తరగతి గదులున్నాయి. ఆ కార్మికుల పిల్లలే వాటిలో కూర్చుని నిరుద్యోగిత రకాలను నిర్వచనాలుగా బట్టీ పట్టి పరీక్షలో రాశారు.

ఇలాగే ఉండాలన్న నియమం లేదు. బెల్జియంలో పుట్టి భారత పౌరుడైన జ్యాఁ ద్రెజ్ రాంచీ విశ్వవిద్యాలయ అర్థశాస్త్ర విభాగంలో సందర్శక ఆచార్యుడిగా ఉంటూ, విద్యార్థులను పల్లెలకు తీసుకువెళ్లి రేషను, ఉపాధి హామీ అమలుపై సర్వేలు చేయించారు. ఆయన అభిప్రాయాలతో విభేదించేవారు అనేకులు. కానీ ఆ సర్వేల అంకెలతో వాదించక తప్పని పరిస్థితి మంత్రిత్వ శాఖలకూ ఏర్పడింది. అయితే ఒక బయటి మేధావి వచ్చి నిలబడితేనే జరిగే పనిని వ్యవస్థ అనరు.

నాలుగేళ్ల డిగ్రీ విధానంలో చివరి ఏడాదిని పరిశోధనకు కేటాయించవచ్చు. కొల్హాన్ విశ్వవిద్యాలయం ఆ ఏడాదిని ఆదిత్యపూర్ షెడ్లలోనూ, చాయ్‌బాసా గనుల పల్లెల్లోనూ క్షేత్రకార్యంగా మార్చగలదు. మొదటి ఏడాదిలోనే హిందీలో గణితం, గణాంకశాస్త్రం చెప్పించగలదు. దానికి ముందు ఖాళీలు నింపాలి, అది హేమంత్ సోరెన్ ప్రభుత్వం చేతిలో పని. ఆర్థిక సేవ పరీక్షను భారతీయ భాషల్లోకి తేవడం కేంద్రం చేతిలో పని. 2011 తరువాత ఆగిపోయిన జనగణన 2027లో జరగనుంది. తూర్పు సింగ్‌భూమ్ పట్టికలు వెలువడే నాటికి వాటిని చదివి, తప్పుంటే తప్పని చెప్పగల పట్టభద్రులు సాక్చీ, మాంగో బస్తీల నుంచే రావాలంటే ఈ రెండు పనులూ వచ్చే బడ్జెట్ సమావేశాల్లోనే మొదలు కావాలి.